గెలుస్తున్నవాడు ఎందుకు ఓడాడు? ఒక అమ్మ అడిగిన స్టాలింగ్ ప్రశ్న

ప్రశ్న:

నమస్కారం అండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్. రెండేళ్లుగా స్కూల్ టీంలో రెజ్లింగ్ చేస్తున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఈ ఆట తెలీదు, వాడి కోసమే చూడ్డం మొదలుపెట్టాం. పోయిన వారం మ్యాచ్‌లో రెండో పీరియడ్‌లో వాడు పైన ఉన్నప్పుడు రిఫరీ స్టాలింగ్ అని వార్నింగ్ ఇచ్చాడు. చివరి పీరియడ్‌లో ఇద్దరూ నిలబడి ఉన్నారు, మావాడు ఒక పాయింటు ముందున్నాడు. ఇంకా 40 సెకన్లు ఉందనగా మళ్లీ స్టాలింగ్ అని అవతలి అబ్బాయికి పాయింటు ఇచ్చేశాడు. స్కోరు సమమైంది. ఓవర్‌టైంలో మావాడు ఓడిపోయాడు. మావాడు ఎవర్నీ కొట్టలేదు, గోల చేయలేదు. ఆ చివరి నిమిషంలో అవతలివాడు ఎంత ప్రయత్నించినా మావాడు దొరకలేదు, అంతే. అది తెలివి కాదా? జిమ్‌లో మేం తప్ప మనవాళ్లెవరూ లేరు. మావారు కోపం పట్టలేక రిఫరీ మీద అరిచారు, ఆయన్ని బయటికి పంపేశారు. అప్పట్నుంచి మావాడు ఎవరితోనూ మాట్లాడట్లేదు. రెజ్లింగ్ మానేస్తానంటున్నాడు. అసలు ఈ స్టాలింగ్‌ని రిఫరీ ఎలా తేలుస్తాడు? మాకు అన్యాయం జరిగిందా?

– ఒక అమ్మ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అబ్బాయి కూడా ఈ దేశంలోనే హైస్కూల్లో నాలుగేళ్లు కుస్తీ పట్టాడు. వాడు కాలేజీకి వెళ్లిపోయాక, ఆ జిమ్ వాసన వదిలి ఉండలేక, నేను రిఫరీ పరీక్ష రాశాను. ఎనిమిది చలికాలాలు మిడిల్ స్కూల్ మ్యాచ్‌లకీ జూనియర్ వర్సిటీ (హైస్కూల్ రెండో జట్టు) మ్యాచ్‌లకీ విజిల్ ఊదాను. అందుకని మీరున్న బ్లీచర్ల (ప్రేక్షకుల బెంచీల) మీదా కూర్చున్నాను, ఆ రిఫరీ నిలబడ్డ మ్యాట్ మీదా నిలబడ్డాను. మీవాడి మ్యాచ్ నేను చూడలేదు కాబట్టి ఆ రోజు జరిగింది ఒప్పో తప్పో తేల్చలేను. కానీ అలాంటి సమయంలో రిఫరీ ఏం చూస్తాడో, దేన్ని బట్టి స్టాలింగ్ అని పిడికిలి ఎత్తుతాడో చెప్పగలను.

ముందు మీ ఉత్తరంలోనే ఉన్న ఒక మాట. ‘అవతలివాడు ఎంత ప్రయత్నించినా మావాడు దొరకలేదు, అంతే’ అన్నారు. ఈ ఆటలో స్టాలింగ్, అంటే పోరాడకుండా కాలం గడపడం, అని పిలిచేది చాలావరకు దాన్నే. ఒకడు ప్రయత్నిస్తున్నాడు, రెండోవాడు దొరక్కుండా తిరుగుతున్నాడు. మీరు మెచ్చుకుంటూ రాసిన దాన్నే రిఫరీ తప్పు కింద లెక్కేశాడు.

ఇది మనకి మింగుడు పడకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. టెస్ట్ మ్యాచ్ ఆఖరి రోజు వికెట్ ఇవ్వకుండా సాయంత్రం దాకా నిలబడినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటాం. ఉన్నది కాపాడుకోవడం మనకు గొప్ప గుణం. కానీ ఈ ఆటకి దగ్గరి చుట్టం క్రికెట్ కాదు, కబడ్డీ. కూతకి వెళ్లినవాడు ఎవర్నీ తాకకుండా, బాక్ లైన్ కూడా దాటకుండా మధ్య గీత దగ్గరే తచ్చాడి వెనక్కి వచ్చేస్తే అవుట్. ప్రో కబడ్డీలో అయితే వరసగా రెండు రెయిడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేవాలి, లేదా బయటికి పోవాలి. తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు చూసే పిల్లలకి కూడా ఇది తెలుసు. అక్కడ ఎవరూ ‘పాపం, జాగ్రత్తగా ఆడాడు కదా’ అనరు. కుస్తీలోనూ అంతే. ఆట జరిగేలా చూడటం ఇద్దరి బాధ్యత, ముందున్నవాడికి అందులో మినహాయింపు లేదు.

న్యూజెర్సీలో హైస్కూల్ కుస్తీ నడిచేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య రూల్ బుక్ ప్రకారం. దేశంలో చాలా రాష్ట్రాలదీ అదే పుస్తకం. అందులో స్టాలింగ్ గురించి చెప్పిన దాని సారం ఇది: మ్యాట్ మధ్యలో 10 అడుగుల వలయం ఉంటుంది కదా, దానిలోనే ఉండటానికి ప్రతి ఆటగాడూ నిజాయితీగా ప్రయత్నించాలి, దూకుడుగా కుస్తీ పట్టాలి. పైన ఉన్నా, కింద ఉన్నా, నిలబడి ఉన్నా, స్కోరు ఎంతైనా, సమయం ఎంత మిగిలినా సరే. ‘స్కోరు ఎంతైనా’ అన్న ఆ ముక్క మీ ఇంటి గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. మీవాడు ఒక పాయింటు ముందున్నాడని మీ అందరి కళ్లూ స్కోరు బోర్డు మీద ఉన్నాయి. రిఫరీకి ఆ సమయంలో అది లెక్కలోకి రాకూడదు.

ఇప్పుడు ఆ నలభై సెకన్ల సంగతి. ఇద్దరూ నిలబడి ఉన్నప్పుడు రిఫరీ మొదట చూసేది పాదాలు. వెనక్కి వేసే ప్రతి అడుగూ తప్పు కాదు. పక్కకి తిరుగుతూ, కోణం మార్చుకుంటూ, మళ్లీ మధ్యలోకి వచ్చేవాడు కుస్తీ పడుతున్నట్టే. నేరుగా వెనక్కి, వెనక్కి, గీత దాకా వెళ్లేవాడు తప్పించుకుంటున్నట్టు. పెద్ద వలయం అడ్డంగా కనీసం 28 అడుగులు ఉంటుంది. దాని అంచు మీద మడమ పెట్టి, ఎదుటివాడు కాళ్ల మీదికి రాగానే బయటికి అడుగేసేవాణ్ణి చూస్తే రిఫరీకి వెంటనే తెలిసిపోతుంది. దాన్ని ఇక్కడ ‘అంచు ఆడటం’ అంటారు. ఒకసారి జరిగితే పొరపాటు. రెండోసారికి అలవాటు.

తర్వాత చేతులు. ఎదుటివాడి మెడ మీదో భుజాల మీదో చేతులు వేసి, తల ఆనించి, బరువు మోపి నిలబడటం చూడ్డానికి కుస్తీలాగే ఉంటుంది. ఆ చేతులు ఎదుటివాణ్ణి లాగుతున్నాయా, పక్కకి తిప్పుతున్నాయా, వాడి కాలు అందేలా దారి చేస్తున్నాయా? లేక గోడలా అడ్డం పెట్టి సెకన్లు లెక్కపెడుతున్నాయా? రిఫరీ మనసులో తిరిగే ప్రశ్న ఇదొక్కటే. దూరం నుంచి మోకాలి మీద పడిపోయి, చెయ్యి అందదని తెలిసీ కాలు పట్టబోతున్నట్టు నటించే పిల్లలు కూడా ఉంటారు. ఒకటి రెండు సార్లు రిఫరీని నమ్మించగలరు కానీ మూడోసారి సాగదు.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. వెనక్కి వెళ్లేవాడే ఎప్పుడూ దోషి కాదు. అది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. రిఫరీగా నా రెండో ఏడాది ఒక జూనియర్ వర్సిటీ మ్యాచ్‌లో ఒక పిల్లాడు మూడుసార్లు గీత దాటాడు. బ్లీచర్ల నుంచి ‘స్టాలింగ్! స్టాలింగ్!’ అని ఒకటే అరుపులు. నేను వాడికి వార్నింగ్ ఇచ్చి, కాసేపటికి ఎదుటివాడికి పాయింటు కూడా ఇచ్చాను. ఆ రాత్రి ఎవరో తీసిన వీడియో చూశాను. రెండోవాడు రెండు చేతులూ బిగబట్టి ఛాతీ మీద తోస్తున్నాడు, అంతే. ఒక్కసారి కూడా కాలికి పోలేదు. వెనక్కి పోయినవాడు, వాడి బరువు మీద పడుతుంటే, ఆ మధ్యలోనే రెండుసార్లు కిందికి దూకి పట్టు కోసం చూశాడు. కుస్తీ పట్టినవాడికి శిక్ష వేసి, తోసినవాడికి పాయింటు ఇచ్చాను. ఆ పిల్లాడు మ్యాచ్ అయ్యాక నాకు చెయ్యి కలిపి, తల దించుకుని వెళ్లిపోయిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి ఎవరు వెనక్కి పోతున్నారని కాకుండా, ఎవరు పాయింటు కోసం చూస్తున్నారని చూడటం అలవాటు చేసుకున్నాను. జనం అరుపులు వినపడగానే తొందరపడకుండా ఇంకో రెండు సెకన్లు ఆగి చూడటం కూడా.

రెండో పీరియడ్‌లో పైన ఉండగా వచ్చిన వార్నింగ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మ్యాచ్ నిజానికి అక్కడే మలుపు తిరిగింది. ఎదుటివాడు కింద మోకాళ్ల మీద, మీవాడు పైన. బయటినుంచి చూస్తే ‘మనవాడిదే పైచేయి, ఇంకేం కావాలి’ అనిపిస్తుంది. కానీ పైన ఉన్నంత మాత్రాన హైస్కూల్లో పాయింటు రాదు. కాలేజీలో రైడింగ్ టైం అని ఉంది, ఎదుటివాడికంటే ఒక నిమిషం ఎక్కువసేపు పైన ఉండి అదుపు చేస్తే ఒక పాయింటు ఇస్తారు. హైస్కూల్ రూల్స్‌లో అది లేదు. పైవాడి పని కిందివాణ్ణి చదును చేసి, వెల్లకిలా తిప్పి, పిన్ కోసం, అంటే వాడి భుజాలు మ్యాట్‌కి ఆనించడం కోసం చూడటం. అందుకే రిఫరీ పైవాడి నడుము చూస్తాడు. నడుము పక్కలకి కదులుతూ, కోణం కోసం వెతుకుతూ ఉంటే పని జరుగుతోంది. వీపు మీద గోనె బస్తాలా పడి నడుము పట్టుకుని ఉంటే జరగట్లేదు. కిందివాడు లేచి నిలబడగానే జారిపోయి, రెండు చేతులతో వాడి ఒక్క కాలు కావలించుకుని వేలాడటం కూడా పిల్లల్లో బాగా కనపడుతుంది. ఆ పట్టుతో వాణ్ణి మళ్లీ కింద పడేసే ప్రయత్నం ఉంటే ఇబ్బంది లేదు. ఉత్తినే పట్టుకుని వేలాడితే స్టాలింగ్. మీవాడికి వచ్చింది ఇలాంటిదే కావచ్చు, వీడియోలో చూడండి.

కిందివాడికీ బాధ్యత ఉంది, బోర్లా పడుకుని లేవకుండా కాలం గడపకూడదు. షూ లేసు మాటిమాటికీ కట్టుకోవడం, హెడ్‌గేర్ సర్దుకోవడం, గీత బయటి నుంచి మధ్యలోకి ఈడ్చుకుంటూ రావడం, ఇవీ స్టాలింగే.

ఇక దీనితో కలగలిపేసే రెండు విషయాలున్నాయి. ఇద్దరూ నిజంగానే పోరాడుతూ ఎటూ కదల్లేని పట్టులో ఇరుక్కుంటే రిఫరీ విజిల్ ఊది మళ్లీ మొదలుపెట్టిస్తాడు. దాన్ని స్టేల్‌మేట్ అంటారు, ఎవరికీ శిక్ష ఉండదు. మీకు ‘వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు కదా, ఒక్కడికే ఎందుకు’ అనిపించిన చోట, ఇద్దరిలో ఒకడు విడిపించుకోవడానికి చూస్తూ, రెండోవాడు కదలనివ్వకుండా మాత్రమే చూస్తున్నాడేమో గమనించండి. రెండోది, పట్టు పడబోతుంటే కావాలని మ్యాట్ బయటికి పారిపోవడం. అది స్టాలింగ్ కన్నా పెద్ద తప్పు. దానికి వార్నింగ్ ఉండదు, మొదటిసారే పాయింటు పోతుంది.

స్టాలింగ్‌కి మాత్రం మెట్లు ఉన్నాయి. మొదటిసారి వార్నింగ్. రెండోసారి ఎదుటివాడికి ఒక పాయింటు. మూడోసారి ఇంకో పాయింటు. నాలుగోసారి రెండు. ఐదోసారి మ్యాచ్ నుంచే తీసేస్తారు. పీరియడ్ మారితే ఈ లెక్క మళ్లీ మొదటికి రాదు, ఓవర్‌టైంలో కూడా కొనసాగుతుంది. కాబట్టి రెండో పీరియడ్‌లో పడిన వార్నింగ్ మీవాడి నెత్తిమీద అలాగే ఉంది. ఆ ఒక్క పాయింటు ఆధిక్యం అప్పటికే సగం చేజారినట్టు. కోచ్ అది వాడికి గట్టిగా గుర్తుచేసి ఉండాల్సింది. ఆ అరుపుల్లో వాడికి వినపడిందో లేదో.

మీకు ఇంకా సందేహం ఉండొచ్చు: ఇదంతా ఒక మనిషి కళ్ల మీదేనా ఆధారపడేది? అవును. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ జపాన్ అమ్మాయి యుయి సుసాకిని ఓడించిన మ్యాచ్ మీరు చూసే ఉంటారు. చివరి క్షణాల దాకా వినేశ్ 0-2తో వెనకబడి ఉంది. ఆ రెండు పాయింట్లూ సుసాకి పడగొట్టి తెచ్చుకున్నవి కావు, వినేశ్ చురుగ్గా ఆడట్లేదని పోయినవి. ఆఖరి సెకన్లలో వినేశ్ ఆమెను పట్టేసి 3-2తో గెలిచింది. అంతర్జాతీయ ఫ్రీస్టైల్‌లో దానికి ఒక గడియారం ఉంది. ముందు హెచ్చరిస్తారు, తర్వాత 30 సెకన్లు లెక్కపెడతారు, ఆ లోపు ఎవరూ పాయింటు తేకపోతే ఎదుటివాళ్లకి ఒకటి ఇస్తారు. ఎంత సమయం మిగిలిందో ఆటగాడికీ తెలుస్తుంది, చూసేవాళ్లకీ తెలుస్తుంది. అమెరికా హైస్కూల్ కుస్తీలో ఆ గడియారం లేదు. రిఫరీ తలలో నడిచే గడియారమే. అందుకే ఒకరు త్వరగా పిడికిలి ఎత్తుతారు, ఇంకొకరు చివరి నిమిషంలో చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ తేడా ఉంది, లేదని చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టను. నా దృష్టిలో మొదటి వార్నింగ్ త్వరగా ఇచ్చేవాడే మంచి రిఫరీ, ఎందుకంటే పిల్లాడికి దిద్దుకునే అవకాశం దొరుకుతుంది. మ్యాచ్ అంతా మౌనంగా ఉండి, చివరి పది సెకన్లలో హఠాత్తుగా మొదలుపెట్టేవాడే పిల్లల్ని ఇబ్బంది పెడతాడు. మీ రిఫరీ రెండో పీరియడ్‌లోనే చెప్పాడు. అది ఆయన పక్షాన ఉన్న విషయం.

మనవాడు కాబట్టే ఇచ్చాడా అని మీరు సూటిగా రాయలేదు కానీ, ‘మేం తప్ప మనవాళ్లెవరూ లేరు’ అన్న వాక్యంలో ఆ బాధ ఉంది. అలాంటిది ఎక్కడా జరగదని నేను అనను. రంగు చూసి మాట్లాడే మనుషులు నాకూ తగిలారు. రిఫరీ గానీ ఇంకెవరు గానీ మీ పిల్లాణ్ణి అలాంటి మాట అంటే ఆ రోజే కోచ్‌కీ స్కూల్‌కీ రాతపూర్వకంగా చెప్పండి, ఒక్క రోజు కూడా ఆగొద్దు. కానీ స్టాలింగ్ ఒక్కటే ఆధారంగా ఆ నిర్ణయానికి రాకండి. వీడియో ఉంటే అవతలి అబ్బాయిని కూడా అంతే శ్రద్ధగా చూడండి. వాడూ అలాగే వెనక్కి పోయి, వాడూ అలాగే వేలాడి, వాడికి మాత్రం ఏమీ రాకపోతే, అది అడగదగ్గ విషయం. అడగాల్సింది మీరు కాదు, కోచ్, స్కూల్లో ఆటలన్నీ చూసుకునే అథ్లెటిక్ డైరెక్టర్. రిఫరీలను మ్యాచ్‌లకి పంపేవాళ్లకి వాళ్లు వీడియో పంపగలరు.

మ్యాచ్ మధ్యలో అయితే కోచ్‌కి కూడా హద్దు ఉంది. రూల్‌ని తప్పుగా అమలు చేశారనిపిస్తే, ఉదాహరణకి వార్నింగ్ లేకుండానే స్టాలింగ్‌కి పాయింటు ఇస్తే, స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి అడగొచ్చు. ‘అది స్టాలింగ్ కాదు’ అని వాదించడానికి వీల్లేదు, అది రిఫరీ విచక్షణ. వాదిస్తే ముందు వార్నింగ్, తర్వాత టీం పాయింట్లే పోతాయి. కోచ్‌కే ఆ అధికారం లేనప్పుడు మీవారి అరుపు ఎవరికి ఉపయోగపడుతుంది? ఆయన కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఈ వారం ఆయనే వెళ్లి కోచ్‌నీ అథ్లెటిక్ డైరెక్టర్‌నీ కలిసి, అలా అరవకుండా ఉండాల్సింది అని చెప్పి రావాలి. ఫోన్‌లో కాదు, వెళ్లి. మీ అబ్బాయి మౌనంలో సగం ఓటమిది అయితే, సగం నాన్నని అందరి ముందు బయటికి పంపడానిది అని నా గట్టి అనుమానం. టీం పిల్లల ముఖం చూడటానికి వాడికి సిగ్గుగా ఉండి ఉంటుంది. ఆ బరువు దించాల్సింది నాన్నే.

ఇక పిల్లాడితో. ‘రిఫరీ మోసం చేశాడు నాన్నా’ అని మాత్రం ఓదార్చకండి. అది నిజమని నమ్మితే వాడు చేయగలిగింది ఏమీ మిగలదు, అప్పుడు మానేయడమే న్యాయం అనిపిస్తుంది. ‘నీదే తప్పు’ అని కూడా అనొద్దు. వీడియో పెట్టి, సౌండ్ తీసేసి, చివరి నిమిషం మాత్రం వాడితో కలిసి చూడండి. మీరు ఏమీ చెప్పకుండా ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇక్కడ నువ్వు పాయింటు కోసం చూసింది ఎన్నిసార్లు?’ వాడు మీకన్నా బాగా చూడగలడు.

కోచ్‌ని ప్రాక్టీస్‌లో ఒక పని చేయించమని అడగమనండి. ఒక పాయింటు ఆధిక్యం, నెత్తిన ఒక వార్నింగ్, నిమిషం సమయం, ఈ పరిస్థితి పెట్టి రోజూ ఆడాలి. ప్రతి పదిహేను సెకన్లకీ ఒకసారైనా నిజంగా కాలికి పోవాలి. గీత దగ్గరికి నెట్టినప్పుడల్లా పక్కకి తిరిగి, ఎదుటివాడి వీపు గీత వైపు ఉండేలా స్థానం మార్చుకోవాలి. ఎదుటివాడు దూకి విఫలమైన క్షణంలోనే తను దూకాలి, అప్పుడు వాడి కాళ్లు దొరుకుతాయి. ఆధిక్యం కాపాడుకోవడానికి ఈ ఆటలో ఉన్న దారి ఇదే. మొదట్లో భయం వేస్తుంది, దూకితే పట్టు పోతుందేమోనని. రెండు వారాల్లో ఆ భయం తగ్గుతుంది, మావాడిలో చూశాను.

మానేయాలా వద్దా అన్నది ఈ నెలలో తేల్చకండి. సీజన్ అయ్యేదాకా ఉండమనండి, ఆ తర్వాత వాడి ఇష్టం, మీరు దానికి కట్టుబడి ఉండండి.

తర్వాతి మ్యాచ్‌కి మీరిద్దరూ వెళ్లండి. చివరి పీరియడ్‌లో స్కోరు బోర్డు కాకుండా మీవాడి పాదాలు చూడండి. మధ్య వలయంలోకి ఎన్నిసార్లు తిరిగి వచ్చాడో లెక్కపెట్టి నాకు రాయండి.